హబ్బెల్ ఇన్నింగ్స్: పదకొండు గౌడీ కార్డులు, పదకొండు సంతకాలు

జనవరి: జాబితా

1934 జులై 10, న్యూయార్క్ పోలో గ్రౌండ్స్, అమెరికా బేస్‌బాల్‌లోని రెండు లీగుల స్టార్లు తలపడే ఆల్‌స్టార్ మ్యాచ్. బంతి విసిరే నేషనల్ లీగ్ పిచర్ కార్ల్ హబ్బెల్‌కి ఆరంభం కలిసిరాలేదు. చార్లీ గెరింజర్ సింగిల్ (మొదటి బేస్ చేర్చే దెబ్బ) కొట్టాడు, హైనీ మనుష్‌కి వాక్ (కొట్టకుండానే మొదటి బేస్) దొరికింది. ఇద్దరు బేస్‌ల మీద ఉండగా బేబ్ రూత్, లూ గెరిగ్, జిమ్మీ ఫాక్స్ వరుసగా స్ట్రైకౌట్ (బంతిని కొట్టలేక అవుట్) అయ్యారు. రెండో ఇన్నింగ్స్‌లో ఆల్ సిమన్స్, జో క్రోనిన్‌లదీ అదే దారి. బిల్ డికీ సింగిల్‌తో ఆ వరుస తెగింది. తర్వాత వచ్చిన లెఫ్టీ గోమెజ్ మళ్ళీ స్ట్రైకౌట్. హబ్బెల్ విసిరిన ఆ వంపు బంతులు, స్క్రూబాల్స్, అన్నీ పట్టిన క్యాచర్ గ్యాబీ హార్ట్‌నెట్. చివరికి మ్యాచ్ గెలిచింది అమెరికన్ లీగే, 9-7తో. అయినా తొంభై ఏళ్ళుగా జనం చెప్పుకునేది హబ్బెల్ గురించే.

అమెరికన్ లీగ్ బ్యాటింగ్ వరుసలోని తొమ్మిది మంది, హబ్బెల్, హార్ట్‌నెట్ కలిపి పదకొండు మంది. అందరూ కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఉన్నవాళ్ళే, అందరికీ బబుల్‌గమ్‌తో వచ్చిన ఆటగాళ్ళ బొమ్మ కార్డుల 1933 గౌడీ సెట్‌లో కార్డు ఉంది. ఒక్కొక్కరికి ఒక అసలు గౌడీ కార్డు, ఒక అసలు చేతి సంతకం, రెండూ ఒకే ఫ్రేములో ఉండాలి. ప్రాజెక్టు ఇంతే.

మొత్తం సెట్ జోలికి ఎందుకు వెళ్ళలేదంటే, గౌడీ సెట్ పేరుకు 240 కార్డులు, వాటిలో 106వ నంబరు, నాప్ లజ్వే అనే ఆటగాడి కార్డు, 1933లో అసలు రాలేదు. కార్డు వెనక "240 మంది బేస్‌బాల్ స్టార్ల వరుసలో ఇదొకటి" అని అచ్చువేసి ఒక నంబరు ఎగ్గొడితే పిల్లలు ఊరుకోరు కదా. ఉత్తరాలు రాశారు. 1934లో ఆ కార్డు అచ్చువేసి, అడిగినవాళ్ళకు పోస్టులో పంపారు. అందుకే చాలా లజ్వే కార్డుల మీద పేపర్ క్లిప్ గుర్తు కనిపిస్తుంది. ఆ ఒక్క కార్డు ఖర్చుతో మా పదకొండు మందిలో చాలామంది వచ్చేస్తారు.

నంబర్లు ఇవి: డికీ 19, సిమన్స్ 35, హార్ట్‌నెట్ 202, గోమెజ్ 216, గెరింజర్ 222. క్రోనిన్‌కి రెండు కార్డులు: 63, 189. ఫాక్స్‌కి 29, 154. గెరిగ్‌కి 92, 160. హబ్బెల్‌కి 230, 234. మనుష్‌కి మూడు: 47, 107, 187. రూత్‌కి నాలుగు: 53, 144, 149, 181. ఒకరికి రెండు మూడు కార్డులున్నప్పుడు అందమైనది కాకుండా ఎక్కువగా దొరికేది ఎంచుకున్నాం. రూత్ 144ని షీటు మీద రెండుసార్లు అచ్చువేశారు. మిగతా మూడింటికంటే అది కాస్త తేలిగ్గా కనబడుతుంది.

కొనే వరుసను మాత్రం నంబర్ల ప్రకారం కాదు, చనిపోయిన సంవత్సరాల ప్రకారం వేసుకున్నాం. డికీ, గెరింజర్ 1993. గోమెజ్ 1989. హబ్బెల్ 1988. క్రోనిన్ 1984. హార్ట్‌నెట్ 1972. మనుష్ 1971. ఫాక్స్ 1967. సిమన్స్ 1956. రూత్ 1948. గెరిగ్ 1941. ఎక్కువ కాలం బతికి, పోస్టులో వచ్చిన ప్రతి ఉత్తరానికీ సంతకం చేసి పంపినవాళ్ళ సంతకాలు ఇప్పటికీ పదుల డాలర్లలోనే ఉన్నాయి. జాబితా చివరికొచ్చేసరికి లెక్క వేలల్లోకి వెళ్తుంది. తేలికైనవి ముందు కొంటే అసలు సిరా, అసలు కాగితం కంటికి అలవాటవుతాయి. ఆ అలవాటు లేకుండా గెరిగ్ సంతకం కొనబోవడం డబ్బు పారేసుకోవడమే.

ఫిబ్రవరి: కార్డులు

గౌడీ గమ్ కంపెనీది బోస్టన్. ఒక సెంటు బబుల్‌గమ్ పొట్లంలో ఒక కార్డు. కార్డు కొలత 2 3/8 × 2 7/8 అంగుళాలు, అంటే సుమారు 60.3 × 73 మిల్లీమీటర్లు. మందపాటి అట్ట. వెనకవైపు ఆకుపచ్చ సిరాతో నంబరు, పేరు, జట్టు, నాలుగు ముక్కల పరిచయం. జెఫర్సన్ బర్డిక్ కేటలాగులో ఈ సెట్ పేరు ఆర్319. అమ్మేవాళ్ళు చాలామంది ఇప్పటికీ ఆ నంబరుతోనే రాస్తారు.

బల్ల మీద కావలసినవి: 10 రెట్ల లూప్ (చిన్న భూతద్దం), 365 నానోమీటర్ల యూవీ (అతినీలలోహిత) టార్చ్, కొలతకు డిజిటల్ కాలిపర్, ఖరీదు తక్కువైన మామూలు కార్డు ఒకటి. నాలుగోది అన్నిటికంటే ముఖ్యం. పెద్దగా పేరులేని ఆటగాడి అసలు గౌడీ కార్డు, మూలలు అరిగినదైనా సరే, ఒకటి చేతిలో ఉంటే ప్రతి అనుమానాన్నీ దాని పక్కన పెట్టి తీర్చుకోవచ్చు. అట్ట రంగు, గీసుకుంటే తగిలే గరుకు, పాత వాసన ఫొటోలో కనిపించవు.

రీప్రింట్ పట్టుకోవడానికి ముందు కార్డు తిరగేయాలి. అసలు కార్డు వెనక అక్షరాలు ఒకే ఆకుపచ్చ సిరాతో అచ్చయ్యాయి, లూప్ కింద అక్షరం అంచు నుంచి అంచు దాకా నిండుగా ఉంటుంది. ఇప్పటి నాలుగు రంగుల అచ్చులో ఆకుపచ్చ అంటూ వేరే సిరా లేదు, నీలం చుక్కలు, పసుపు చుక్కలు కలిసి ఆకుపచ్చలా కనిపిస్తాయి. అక్షరం చుక్కలుగా విడిపోయిందంటే ఇక ముందువైపు చూడాల్సిన పని లేదు. "రీప్రింట్" అన్న మాటను గీకేసి అమ్మే కార్డులు కూడా తిరుగుతుంటాయి. వెనక కింది భాగంలో ఎక్కడైనా పైపొర లేచి నూగులా ఉంటే అక్కడ ఏదో చెరిపారనే అర్థం.

తర్వాత చీకట్లో యూవీ టార్చ్. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు వాడుకలోకి వచ్చింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. 1933 నాటి అట్ట ఆ వెలుగులో మసక గోధుమ రంగులోనే ఉండాలి. నీలి తెలుపుగా భగ్గుమంటే అది కొత్త కాగితం. ఇందులో ఒక మెలిక ఉంది. అసలు కార్డునే ఎవరైనా డిటర్జెంట్ నీళ్ళతో తుడిచి ఉంటే, డిటర్జెంట్‌లోని అదే రసాయనం అంటుకుని అక్కడక్కడ మెరుస్తుంది. మొత్తం సమంగా మెరిస్తే నకిలీ, మచ్చలుగా మెరిస్తే కడిగిన కార్డు. మూలల్లో రంగు వేసి అరుగుదల దాచినా ఈ వెలుగులో ఆ ముక్క చుట్టుపక్కలతో కలవదు.

కొలతలో అర మిల్లీమీటరు అటూ ఇటూ ఆ కాలపు కటింగ్‌లో మామూలే. చూడాల్సింది పొంతన. ముఖం మీద గీతలు, మడతలు ఉండి, ఒక్క అంచు మాత్రం కత్తిలా పదునుగా ఉందంటే ఆ అంచును ఈమధ్య కోశారు. ఎనభై ఏళ్ళు చేతులు మారిన అట్ట అంచు లూప్ కింద కాస్త మెత్తబడి, పీచు గుండ్రంగా కనిపిస్తుంది. కొత్త కోతలో లోపలి పొర లేత రంగులో బయటపడుతుంది. ఇలా అంచు కోసే ట్రిమ్మింగ్ చిన్న కార్డులకే పరిమితం అనుకోవద్దు. పాత సిగరెట్ పెట్టెల కార్డుల్లో, టీ206 సెట్‌లో, ప్రపంచంలోనే పేరున్న హోనస్ వాగ్నర్ కార్డును తానే కత్తిరించానని వేలం వ్యాపారి బిల్ మాస్ట్రో 2013లో కోర్టు కేసులో ఒప్పుకున్నాడు. ఆ కార్డుకు అప్పటికి ఎన్నో ఏళ్ళుగా, కార్డుల స్థితిని చూసి పదికి మార్కులు వేసే పీఎస్ఏ కంపెనీ ఇచ్చిన 8 గ్రేడ్ ఉంది.

కెనడా కార్డులతో కూడా జాగ్రత్త. మాంట్రియల్ వరల్డ్ వైడ్ గమ్ కంపెనీ 1933లో ఇవే బొమ్మలతో 94 కార్డుల సెట్ వేసింది. ముందువైపు చూస్తే తేడా తెలియదు. నంబర్లు వేరు, వెనక కొన్నింటిలో ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి ఉంటుంది. అవీ అసలైనవే, మంచివే. కానీ మన జాబితాలోవి కావు. అమ్మకం ఫొటోలో వెనకవైపు చూపించకపోతే అడిగి తెప్పించుకోవాలి.

గ్రేడ్ విషయంలో మాది ఒకటే పట్టు: మడతలు ఉండొచ్చు, మూలలు గుండ్రంగా ఉండొచ్చు, ముఖం మీద గీతలో సిరా మరకో పడకూడదు. పీఎస్ఏ 1 నుంచి 3 మధ్య గ్రేడుల్లో కళ్ళకు నిండుగా కనిపించే కార్డులు చాలా ఉన్నాయి. వెనక కాగితం చిరిగి పోయినందుకే గ్రేడ్ 1కి పడిపోయిన కార్డు, ఫ్రేములో ముందునుంచి చూస్తే గ్రేడ్ 4లా ఉంటుంది. ఫ్రేము కోసం కొనేవారికి ఇంతకంటే మంచి బేరం లేదు.

మార్చి: ఆల్బమ్‌కి అతికిన కార్డు

క్రోనిన్ 63 కార్డు వెనక నల్లటి ఆల్బమ్ కాగితం అతుక్కుని దొరికింది. అప్పటి పిల్లలు మైదా జిగురుతోనో గమ్ బాటిల్‌తోనో అంటించేవారు. ఈ రెండూ నీళ్ళకు కరుగుతాయి. రబ్బరు సిమెంటు, టేపు కరగవు. అవి ఉన్న కార్డును నీళ్ళలో వేయడం శుద్ధ దండగ.

పద్ధతి ఇది. వెనక ఒక మూల డిస్టిల్డ్ వాటర్ చుక్క పెట్టి, రెండు నిమిషాల తర్వాత తెల్ల బ్లాటింగ్ పేపర్‌తో అద్దాలి. ఆకుపచ్చ దిగకపోతేనే ముందుకు వెళ్ళాలి. వెడల్పాటి ప్లాస్టిక్ ట్రేలో గది వేడిలో ఉన్న డిస్టిల్డ్ వాటర్, అడుగున కార్డు కంటే పెద్ద పాలియెస్టర్ షీటు. ఎత్తేటప్పుడు కార్డును కాదు, ఆ షీటును పట్టుకుని ఎత్తాలి. తడిసిన అట్టకు సొంత బలం ఉండదు. కార్డు మొహం కిందికి పెట్టి ఓ గంట వదిలేయాలి. ఆల్బమ్ కాగితం దానంతటది జారేదాకా ఆగాలి. లాగితే పైపొరతో సహా అక్షరాలు లేచి వస్తాయి. జారకపోతే నీళ్ళు మార్చి ఇంకో గంట. కాగితం పోయాక మిగిలే జిగటను తడి దూదితో అద్ది తీయాలి, రుద్దకూడదు.

ఆరబెట్టడంలోనే ఎక్కువ కార్డులు పాడవుతాయి. బ్లాటర్, అంటుకోని సన్నటి పాలియెస్టర్ గుడ్డ, కార్డు, మళ్ళీ గుడ్డ, బ్లాటర్. పైన గాజు పలక, దాని మీద తేలికపాటి పుస్తకం. మొదట పావుగంటకోసారి, తర్వాత గంటకోసారి, ఆ తర్వాత రోజుకు రెండుసార్లు బ్లాటర్లు మార్చాలి. గౌడీ అట్ట మందం కాబట్టి వారం దాకా పడుతుంది. హెయిర్ డ్రయర్ పెడితే ఒకవైపు ముందు ఆరి విల్లులా వంగుతుంది. తడి మీద బరువెక్కువ పెడితే అట్ట నలిగి పలచనై, కొలత పెరుగుతుంది. అప్పుడు గ్రేడింగ్ కంపెనీ అనుమానించినా అడగలేం.

ఉత్త నీళ్ళతో జిగురు తీయడాన్ని ఈ రంగంలో చాలామంది మార్పుగా లెక్కపెట్టరు. బ్లీచు, పెరాక్సైడు లాంటివి వాడితే అది కచ్చితంగా మార్పే. ఏది చేసినా కార్డు రికార్డులో రాసిపెట్టి, ఎప్పుడైనా అమ్మితే చెప్పి అమ్మాలి. సంతకం ఉన్న కార్డును మాత్రం ఏ పరిస్థితిలోనూ నీళ్ళ దగ్గరికి తేవొద్దు. ఫౌంటెన్ పెన్ సిరా నిమిషంలో పాకిపోతుంది.

ఏప్రిల్, మే: మొదటి ఐదు సంతకాలు

గెరింజర్, డికీ, గోమెజ్, హబ్బెల్, క్రోనిన్. ఈ ఐదుగురికీ 3×5 అంగుళాల ఇండెక్స్ కార్డు మీద సంతకమే తీసుకోవాలని నిర్ణయం. తెల్లటి ఖాళీ కార్డు, నడిమధ్య సంతకం, ఫ్రేములో చక్కగా కుదురుతుంది. షార్పీ మార్కర్‌తో చేసినవీ దొరుకుతాయి, కానీ ఆ మందపాటి గీతలో చెయ్యి నడక తెలియదు. పెన్నుతో రాసిన దానిలో ఎక్కడ ఒత్తిడి పెరిగింది, ఎక్కడ కలం లేచింది అన్నీ చదవొచ్చు. పాత సంతకం, వయసుడిగాక చేసిన సంతకం పక్కపక్కన దొరికితే పాతదానికి కొంచెం ఎక్కువిచ్చినా నష్టం లేదు.

క్రోనిన్ విషయంలో ప్రత్యేకంగా చూసుకోవాలి. అతను 1959 నుంచి 1973 దాకా అమెరికన్ లీగ్ అధ్యక్షుడు. ఆ ఏళ్ళ అమెరికన్ లీగ్ బంతులన్నిటి మీదా అతని సంతకం అచ్చై ఉంటుంది. "క్రోనిన్ సంతకం ఉన్న బంతి" అని అమ్మకానికి పెట్టేవాటిలో కొన్ని ఈ అచ్చు బంతులే. అదే ఉద్యోగం వల్ల మంచి కూడా జరిగింది. లీగ్ లెటర్‌హెడ్ మీద టైపు చేసి, కింద చేతితో సంతకం పెట్టిన ఉత్తరాలు మిగిలాయి. తేదీ, విషయం, కాగితం అన్నీ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి కాబట్టి సంతకం పోల్చుకోవడానికి ఇంతకంటే మంచి నమూనా ఉండదు. అలాంటి ఉత్తరం దొరికితే ఫ్రేము సైజు కోసం సంతకం ముక్క కత్తిరించొద్దు. ఉత్తరాన్ని ఫోల్డరులో ఉంచి, ఫ్రేముకు విడిగా ఇండెక్స్ కార్డు కొనడం మేలు.

జూన్: పోస్టుకార్డుల లెక్క

హార్ట్‌నెట్, మనుష్‌ల దగ్గరికి వచ్చేసరికి అమెరికా ప్రభుత్వ పోస్టుకార్డులే దిక్కు. ఒకప్పటి అభిమానులు తమ చిరునామా రాసిన కార్డును ఉత్తరంలో పెట్టి పంపేవారు, ఆటగాడు వెనక సంతకం చేసి డబ్బాలో వేసేవాడు. ముందువైపు స్టాంపు అచ్చు, పోస్టుముద్ర, తేదీ ఉంటాయి. ఈ రకం మాకు ప్రాణం. పేరు చూసి మురిసిపోయే ముందు కార్డు తిప్పి లెక్క చూడాలి.

పోస్టుకార్డు రేటు 1951 చివరిదాకా ఒక సెంటు. 1952 జనవరి 1 నుంచి రెండు. 1958 ఆగస్టు నుంచి మూడు. 1963 జనవరి నుంచి నాలుగు. 1968 జనవరి నుంచి ఐదు. 1971 మే 16 నుంచి ఆరు. దీన్ని చావు తేదీలతో కలిపి చదివితే ఎంతో తెలుస్తుంది. సిమన్స్ 1956లో పోయాడు, మూడు సెంట్ల కార్డు మీద అతని సంతకం ఉండే వీల్లేదు. ఫాక్స్ 1967లో పోయాడు, ఐదు సెంట్ల కార్డు కుదరదు. మనుష్ చనిపోయింది 1971 మే 12న, ఆరు సెంట్ల రేటు మొదలైంది నాలుగు రోజుల తర్వాత. ఈ ఒక్క లెక్కతో కొన్ని "మనుష్ సంతకాలు" సర్టిఫికెట్ చూడకుండానే పక్కకు పెట్టొచ్చు. తిరకాసు ఒకటుంది. పాత ఒక సెంటు కార్డుకు పక్కన అదనపు స్టాంపు అంటించి తర్వాతి ఏళ్ళలో వాడినవారున్నారు. కాబట్టి పాత కార్డు కాబట్టి పాత సంతకం అనుకోకూడదు, పోస్టుముద్ర తేదీయే నమ్మాలి. చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ ఉంటే అది 1963 జులైకి ముందుది కాదు.

పోస్టు చేయని ఖాళీ పాత కార్డు మీద సంతకం ఉంటే దాని సాక్ష్యం సగానికి సగం తగ్గినట్టే. వాడని పాత కార్డులు స్టాంపుల షాపుల్లో కట్టలుగా దొరుకుతాయి. ఎవరైనా కొని ఏదైనా రాసుకోవచ్చు.

హాల్ ఆఫ్ ఫేమ్‌లోని ఆటగాడి ఫలకం బొమ్మతో వచ్చే ప్లాక్ పోస్టుకార్డులకూ ఇలాంటి లెక్కే ఉంది. నలుపు తెలుపు ఆల్బర్‌టైప్ కంపెనీ కార్డులు 1950ల మొదటి దాకా, తర్వాత ఆర్ట్‌వ్యూ కంపెనీవి, 1964 నుంచి పసుపు రంగు కర్టైక్ కంపెనీవి. మనుష్ హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎంపికైంది 1964లో, అతనికి ఆల్బర్‌టైప్ కార్డే లేదు. గోమెజ్ ఎంపికైంది 1972లో. రూత్, గెరిగ్‌ల పసుపు కార్డు మీద సంతకం చూపిస్తే అక్కడినుంచి లేచి వచ్చేయడమే.

జులై: సిరా

కలం చరిత్ర మూడు తేదీల్లో సరిపోతుంది. ఫౌంటెన్ పెన్ ఎప్పటినుంచో ఉంది. బాల్‌పాయింట్ అమెరికాలో జనం చేతికి వచ్చింది 1945 అక్టోబరు 29న, న్యూయార్క్ గింబెల్స్ స్టోర్‌లో. షార్పీ 1964లో. గెరిగ్ 1941లో పోయాడు, బాల్‌పాయింట్ గెరిగ్ అనేది లేదు. రూత్‌కి మూడేళ్ళ కంటే తక్కువ వ్యవధి మిగిలింది, వీలుంది కానీ అరుదు. సిమన్స్, షార్పీ కలవవు.

నకిలీ చేసేవారికీ ఈ తేదీలు తెలుసు. అందుకని పాత పుస్తకాల ముందు వెనక ఉండే ఖాళీ పేజీలు కోసి, ఫౌంటెన్ పెన్‌తో రాస్తారు. కాగితం నిజంగా 1930లదే, యూవీ కింద మెరవదు. ఇక్కడ కాగితం పరీక్ష పనిచేయదు, సిరా కాగితం మీద ఎలా కూర్చుందో చూడాలి. కాగితంలో సిరా పాకకుండా ఆపే జిగట పదార్థం ఏళ్ళ తరబడి బలహీనపడుతుంది. కొత్త కాగితం మీద రాసిన గీత అంచు నున్నగా ఉంటుంది. ఎనభై ఏళ్ళ కాగితం మీద ఇప్పుడు రాస్తే సిరా పీచు వెంట పాకి, గీత పొడవునా సన్నటి వెంట్రుకల్లా విచ్చుకుంటుంది. అదే పేజీలో మిగతా పేర్లు శుభ్రంగా ఉండి గెరిగ్ పేరు ఒక్కటే పాకి ఉంటే జవాబు దొరికినట్టే.

ఇంకోటి మడత. ఆటోగ్రాఫ్ పుస్తకం పేజీకి అడ్డంగా మడత ఉండి, సంతకం దాని మీదుగా వెళ్తే అక్కడే లూప్ ఆపాలి. మడత పడకముందు రాసిన గీత మడత దగ్గర చిట్లి, తెల్లటి పీచు బయటపడుతుంది. మడత పడ్డాక రాసి ఉంటే విరిగిన పీచులోకి సిరా దిగి, ఆ గాడి వెంట అటూ ఇటూ ముదురుగా పరుచుకుంటుంది. పోల్చి చూసిన హార్ట్‌నెట్ పోస్టుకార్డుల్లో ఒకదానిలో "టి" అక్షరపు అడ్డగీత మడత గాడిలోకి నల్లటి దారంలా దిగిపోయి ఉంది. పోస్టుముద్ర 1950ల నాటిది, మడత ఎప్పటిదో, సంతకం మాత్రం మడత తర్వాతది. అది వదిలేశాం.

గీత వేగం కూడా మాట్లాడుతుంది. వేలసార్లు తన పేరు రాసినవాడి కలం కాగితానికి తగలకముందే కదులుతూ ఉంటుంది, గీత మొదలూ చివరా సన్నగా తేలిపోతాయి. చూసి రాసేవాడి గీత మొద్దుగా మొదలై మొద్దుగా ఆగుతుంది, వంపుల్లో వణుకు, మధ్యలో కలం ఆగిన చుక్కలు. అచ్చు సంతకాన్ని, రబ్బరు స్టాంపునూ పట్టుకోవడం ఇంకా తేలిక. గీతలు ఒకదాన్నొకటి దాటే చోట సిరా ముదరదు, అంతా ఒకే చిక్కదనం.

టీమ్ బంతుల జోలికి మేం వెళ్ళం. క్లబ్‌హౌస్ కుర్రాళ్ళు రూత్, గెరిగ్ పేర్లు తామే రాసిన బంతులు ఆ రోజుల్లోనే బోలెడు. అవి అదే కాలపు సిరా, అదే కాలపు తోలు. పై పరీక్షలన్నీ దాటిపోతాయి, చేతిరాత ఒక్కటే మిగులుతుంది.

సర్టిఫికెట్ల సంగతి. 1990లలో ఎఫ్‌బీఐ ఆపరేషన్ బుల్‌పెన్ పేరుతో పట్టుకున్న ముఠా సంతకాలతో పాటు సర్టిఫికెట్లను కూడా తయారు చేయించుకునేది. అందువల్ల అమ్మినవాడి సొంత సర్టిఫికెట్‌కు మా దగ్గర విలువ సున్నా. సంతకాలు పరిశీలించే కంపెనీలు పీఎస్ఏ, జేఎస్ఏ, బెకెట్‌లలో ఒకరి పరిశీలన ఉండాలి. వాళ్ళు సీలు చేసి ఇచ్చే ప్లాస్టిక్ డబ్బా, అంటే స్లాబ్, మీది నంబరును కంపెనీ సైట్‌లో కొట్టి, అక్కడి ఫొటోలోని గీతనూ చేతిలోని గీతనూ పోల్చాలి. నంబరు నిజమై, లోపలి వస్తువు మారిన నకిలీ స్లాబులు కూడా ఉన్నాయి.

ఆగస్టు: ఫ్రేము

ఏడు జతలు పూర్తయ్యాయి. 8×10 అంగుళాల నిలువు ఫ్రేముకు మ్యాట్ (కిటికీలు కోసిన పై అట్ట) కొలతలు ఇలా కుదిరాయి. పైన 1 1/2 అంగుళాల ఖాళీ. కార్డు కిటికీ 2 1/2 వెడల్పు, 3 ఎత్తు, కార్డు చుట్టూ 1/16 అంగుళం కనిపించేలా. మధ్య ఖాళీ 3/4. ఇండెక్స్ కార్డు కిటికీ 4 3/4 వెడల్పు, 2 3/4 ఎత్తు, అంటే ప్రతి అంచునూ 1/8 అంగుళం కప్పుతుంది. కింద 2 అంగుళాలు. పక్కల కార్డుకు 2 3/4, సంతకానికి 1 5/8. పాత పోస్టుకార్డు 3 1/4 × 5 1/2 కాబట్టి దాని కిటికీ 5 1/4 × 3, కింది ఖాళీ 1 3/4కి తగ్గుతుంది.

మ్యాట్, వెనక అట్ట రెండూ నూరు శాతం కాటన్, నాలుగు పొరలవి. "యాసిడ్ ఫ్రీ" అని రాసినంత మాత్రాన చాలదు, చెక్క గుజ్జు అట్టకు సున్నం కలిపి కూడా అలా రాస్తారు. కార్డునూ సంతకాన్నీ పాలియెస్టర్ మూలల్లో కూర్చోబెట్టాలి. టేపు లేదు, జిగురు లేదు, వేడితో అతికించే డ్రై మౌంటింగ్ అసలే వద్దు. మ్యాట్ మందం వల్ల అద్దానికీ కాగితానికీ మధ్య ఖాళీ ఉండాలి, అద్దం తగిలితే చెమ్మ పట్టి సిరా దానికి అంటుకుంటుంది. అద్దం స్థానంలో యూవీ ఆపే 1/8 అంగుళం ఆక్రిలిక్. రెండు మ్యాట్ అట్టలు 1/8, ఆక్రిలిక్ 1/8, వెనక ఫోమ్ బోర్డు 3/16, మొత్తం 7/16. ఫ్రేము గాడి లోతు కనీసం అర అంగుళం ఉంటేనే వెనక మూసుకుంటుంది. ఇది చూసుకోకుండా ఫ్రేము కొంటే మేకులు బోర్డును ముందుకు నొక్కి, కార్డు వంగుతుంది.

పోస్టుముద్ర ఉన్న వైపు గోడకు పోతుంది కాబట్టి, రెండు వైపులా 600 డీపీఐ స్కాన్ తీసి, ముద్ర వైపు ప్రింటును ఫ్రేము వెనక కవరులో పెట్టాం. కొన్న రసీదు, సర్టిఫికెట్ నంబరు, చేసిన మరమ్మతు కూడా అందులోనే. వెలుగు 50 లక్స్ దాటని గోడ కావాలి, ఎండ పడే గోడ ఎంత అందంగా ఉన్నా వద్దు. గోడ మీద పెట్టని జతలు పాలియెస్టర్ లేదా పాలీప్రొపిలీన్ కవర్లలో. పీవీసీ కవర్లు వాసన వస్తాయి, కొన్నేళ్ళకు జిగురుగా మారి సిరాను లాగేస్తాయి. తేమ 35 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. విశాఖ, కాకినాడ లాంటి తీరంలో ఇలాంటివి దాచేవారు బీరువాను నమ్ముకోకుండా గట్టి మూత డబ్బా, సిలికా జెల్, చిన్న హైగ్రోమీటరు పెట్టుకోవాలి. సిలికా జెల్ గింజల రంగు మారగానే వేడిచేసి ఆరబెట్టి మళ్ళీ పెట్టాలి.

సెప్టెంబరు: మిగిలిన నలుగురు

ఫాక్స్, సిమన్స్, రూత్, గెరిగ్. కార్డుల్లో ఫాక్స్ 29, సిమన్స్ 35 వచ్చేశాయి. గెరిగ్ 92 వెనక కాగితం పోయిన ముక్క కోసం చూస్తున్నాం. రూత్ 144 చివర్లో.

సంతకాల్లో ముందు సిమన్స్. హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి 1953లో వచ్చి మూడేళ్ళకే పోయాడు, కాబట్టి ప్లాక్ కార్డు ఆశ పెట్టుకోలేదు. పోస్టుముద్ర ఉన్న ఒక సెంటు లేదా రెండు సెంట్ల కార్డు, ఫౌంటెన్ పెన్ లేదా బాల్‌పాయింట్, ఏదైనా సరే. ఫాక్స్‌కి నాలుగు సెంట్ల దాకా సరే. రూత్, గెరిగ్‌లకు ఒకటే రూపం ఒప్పుకుంటాం: 1930ల ఆటోగ్రాఫ్ పుస్తకం నుంచి పూర్తి పేజీ, వెనకవైపు అదే జట్టులోని చిన్న ఆటగాళ్ళ పేర్లతో. ఎవరూ నకిలీ చేయని ఆ చిన్న పేర్లు అసలైనవైతే, అదే సిరా నడక, అదే పాత మరక ముందువైపు పెద్ద పేరుకూ ఉందో లేదో పోల్చవచ్చు. విడిగా కత్తిరించిన ముక్కలో ఆ సాక్ష్యమంతా పోతుంది. అలాంటి పేజీకి 8×10 ఫ్రేము సరిపోదు, ఆ రెండిటికీ 11×14 కొలతలతో మ్యాట్ మళ్ళీ గీయాలి.